సిలిండర్ రాని దారిలో పంపు స్టవ్: నింపడం, వెలిగించడం, బాగుచేసుకోవడం

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా జగర్గుండా పేరు తెలుగు పాఠకులు ఎక్కువగా ఎదురుకాల్పుల వార్తల్లోనే చదివారు. సుక్మా, బీజాపూర్, దంతెవాడ జిల్లాలు కలిసే చోట ఉన్న ఈ ఊరు ఒకప్పుడు చుట్టుపక్కల అడవి పల్లెలకు సంత, వ్యాపార కేంద్రం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఇక్కడ శిబిరం వెలిసింది. ఊరు చుట్టూ ముళ్లకంచె వచ్చింది. దోర్నపాల్ నుంచి వచ్చే యాభై కిలోమీటర్లకు పైగా దారిని మావోయిస్టులు ఎక్కడికక్కడ తవ్వేశారు. నెలల తరబడి సరిపడా రేషన్ సరుకును సాయుధ బలగాల కాపలాతో ఒకేసారి తీసుకురావాల్సి వచ్చింది. ఆ దారి పొడవునా జరిగిన నష్టం చిన్నది కాదు. 2010 ఏప్రిల్ 6న చింతల్నార్ దగ్గర తాడ్‌మెట్లలో 76 మంది, 2017 ఏప్రిల్ 24న ఇదే రోడ్డు పనులకు కాపలా ఉన్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బుర్కాపాల్‌లో చనిపోయారు.

ఇప్పుడు రోడ్డు పడింది. 2025 మే నెలలో జగర్గుండాలో బ్యాంకు శాఖ కూడా తెరిచారు. అయినా రోడ్డు పక్క ఊరికి సరుకు చేరడం వేరు, అక్కడి నుంచి కాలిబాటన లోపలి పల్లెలకు చేరడం వేరు. సర్వేకి వెళ్లేవాళ్లు, టీకాల పెట్టె మోసుకెళ్లే ఆరోగ్య కార్యకర్తలు, రోడ్డు పనుల కూలీలు, సంత నుంచి సంతకు తిరిగే చిల్లర వ్యాపారులు, రాత్రిపూట ఎక్కడో ఒకచోట ఆగి వండుకోవాల్సిందే. వానాకాలంలో కట్టెలు తడిసి ఉంటాయి. సిలిండర్ మోసుకెళ్లలేరు. ఇలాంటి చోట కిరసనాయిలు స్టవ్ అక్కరకు వస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఆ స్టవ్‌ను ఎలా వాడాలో తెలిసిన తరం వెళ్లిపోతోంది. తెలుగు ఊళ్లలో స్టవ్ రిపేరు చేసేవాళ్లు వీధిలోకి వచ్చి కేకేసిన రోజులు పోయాయి. స్టవ్ మాత్రం పూర్తిగా పోలేదు. వలస కూలీల గుడిసెల్లో, టీ బండ్ల మీద, కొండలెక్కేవాళ్ల సంచుల్లో ఇంకా ఉంది. తెలియక వాడితే అది ప్రాణం తీస్తుంది.

గ్యాస్ ఉండగా ఇది ఎందుకు?

ఇంట్లో రోజూ వండుకోవడానికైతే గ్యాసే మేలు, అందులో సందేహం లేదు. గాలి సరిగా ఆడని ఇళ్లలో కిరసనాయిలు పొగ ఆరోగ్యానికి చేటు. వంటకు, దీపానికి దాన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, 2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకు గ్యాస్ తెచ్చాయి. మరోవైపు రేషన్ కిరసనాయిలు ధరను 2016 నుంచి లీటరుకు 25 పైసల చొప్పున విడతలుగా పెంచుతూ, 2020 నాటికి కేంద్రం సబ్సిడీని తీసేసింది. కోస్తాలో కిరసనాయిలు అన్నా, తెలంగాణలో గ్యాస్‌నూనె అన్నా, ఆ నీలిరంగు నూనె కోసం డబ్బాలు పట్టుకుని నిలబడ్డ క్యూలు ఇప్పటి పిల్లలకు తెలియవు.

ప్రయాణంలో లెక్క మారుతుంది. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. ఇనుముతో కలిపి తూకం ముప్పై కిలోల దాకా ఉంటుంది. అందులోంచి రెండు రోజులకు సరిపడా తీసి పట్టుకెళ్లడానికి లేదు. కిరసనాయిలు లీటరు బరువు సుమారు 800 గ్రాములు. ఎంత కావాలో అంతే డబ్బాలో పోసుకుని సైకిల్‌కి కట్టుకోవచ్చు.

ఎంత కావాలో లెక్క కష్టం కాదు. లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడిచేయడానికి దాదాపు 314 కిలోజౌళ్ల వేడి చాలు. స్టవ్ ఇచ్చే వేడిలో సగమే గిన్నెకు అందుతుందనుకుంటే 630 కిలోజౌళ్లు కావాలి. లీటరు కిరసనాయిలులో సుమారు 34,500 కిలోజౌళ్లు ఉంటాయి. అంటే లీటరు నీళ్లు మరగడానికి 18 మిల్లీలీటర్లు, టీ చెంచాతో నాలుగు చెంచాలకు కాస్త తక్కువ. అన్నం, పప్పు, టీ కలిపి ఇద్దరికి రోజుకు పావు లీటరు దగ్గర పెట్టుకుంటే గాలికి పోయేదానితో కలిపి సరిపోతుంది.

రెండు రకాలు, రెండు పద్ధతులు

మన దగ్గర కిరసనాయిలు స్టవ్‌లు రెండు రకాలు. మొదటిది వత్తుల స్టవ్. నూలు వత్తులు నూనెను పైకి పీలుస్తాయి, పైన ఆవిరై మండుతుంది. పంపు లేదు, ఒత్తిడి లేదు. మంట తక్కువ, నెమ్మది. రెండోది పంపు స్టవ్. స్వీడన్‌కు చెందిన ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో తయారు చేసిన ప్రైమస్ స్టవ్ దీనికి మూలం. 1953లో ఎవరెస్ట్ ఆఖరి గుడారంలో గడ్డకట్టిన బూట్లను ఎడ్మండ్ హిల్లరీ కరిగించుకున్నది కూడా ప్రైమస్ మంట మీదే. మన పెళ్లి ఊరేగింపుల్లో వెలిగిన పెట్రోమాక్స్ లైటు పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద.

పంపు స్టవ్ ఎలా మండుతుందో తెలిస్తే దాని జబ్బులన్నీ అర్థమవుతాయి. అడుగున ఇత్తడి టంకీ, దానిలో కిరసనాయిలు. పక్కన చేతి పంపు. పంపు కొడితే టంకీలోకి గాలి చేరి నూనెను గొట్టం గుండా పైకి నెడుతుంది. పైనున్న బర్నర్ వేడిగా ఉంటే నూనె అక్కడే ఆవిరవుతుంది. ఆ ఆవిరి నిప్పిల్‌లోని సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్ముకొచ్చి, గాలితో కలిసి నీలిమంటగా మండుతుంది. ఆ మంటే బర్నర్‌ను వేడిగా ఉంచుతుంది, వచ్చే నూనెను ఆవిరి చేస్తుంది. ఒకసారి అందుకుంటే తనంతట తాను నడుస్తుంది. మొదటిసారి మాత్రం బర్నర్‌ను బయటి నుంచి వేడి చేయాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

నింపడం, వెలిగించడం

స్టవ్ పూర్తిగా చల్లారాకే నింపాలి. ఇందులో మినహాయింపు లేదు. నూనెను సన్నని జాలీ ఉన్న గరాటు నుంచి లేదా మెత్తటి బట్ట నుంచి వడగట్టి పోయాలి. ముప్పాతిక వంతుకు మించి పోయకూడదు. మిగిలిన ఖాళీలోనే ఒత్తిడి గాలి నిలవాలి. అంచు దాకా పోస్తే గాలికి చోటుండదు, నూనె వేడెక్కి వ్యాకోచించడానికీ చోటుండదు. ఒలికిన చుక్కను తుడిచి, డబ్బాకు మూత పెట్టి దూరంగా ఉంచాకే అగ్గిపెట్టె చేతిలోకి తీసుకోవాలి.

నేల చదునుగా ఉండాలి. ఎండుటాకులు ఊడ్చేయాలి. టంకీ మూత బిగించి, గాలి మర వదులుగా తెరిచి ఉంచాలి. బర్నర్ కింది గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించాలి. స్పిరిట్ లేకపోతే కిరసనాయిలులో తడిపిన దూదితోనూ పని జరుగుతుంది కానీ మసి పడుతుంది. స్పిరిట్ దాదాపు అయిపోయే దాకా ఆగి, గాలి మర బిగించి, మూడు నాలుగు సార్లు మాత్రమే పంపు కొట్టాలి. నీలిమంట చప్పుడుతో అందుకుంటే బర్నర్ సిద్ధమైనట్టు. ఇంకో పదీ పదిహేను సార్లు కొట్టవచ్చు.

పసుపు మంట పైకి లేచి ఎగిసిపడితే బర్నర్ ఇంకా చల్లగా ఉన్నట్టు. ఆవిరి కాదు, నూనెే చిమ్ముతోంది. ఇంకా పంపు కొడితే మంట ఇంకా పెరుగుతుంది. గాలి మర తెరిచి ఒత్తిడి వదిలేయాలి, మంట తగ్గిపోతుంది. చల్లారాక మళ్లీ మొదటి నుంచి వేడి చేయాలి. ఆర్పడానికి కూడా ఇదే మార్గం. గాలి మర తెరిస్తే ఒత్తిడి పోతుంది, నూనె పైకి రాదు, మంట ఆరిపోతుంది.

గుడారంలో గాని, తలుపులు మూసిన గుడిసెలో గాని వెలిగించకూడదు. మంటకు ప్రాణవాయువు చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు. తలనొప్పి, మత్తు మొదలయ్యేసరికి లేచి బయటికి వెళ్లే శక్తి ఉండకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: పెట్రోలు పోయొద్దు

పల్లెల్లో కిరసనాయిలు దొరకదు, సీసాల్లో అమ్మే పెట్రోలు దొరుకుతుంది. ఒక గ్లాసు కలిపితే ఏమవుతుంది అనిపిస్తుంది. ఏమవుతుందో చూద్దాం.

భారతీయ ప్రమాణాల ప్రకారం కిరసనాయిలు కనీసం 35 డిగ్రీల వేడి దాకా నిప్పంటుకునేంత ఆవిరిని ఇవ్వకూడదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అలాంటి ఆవిరిని ఇస్తుంది. అంటే మన వాతావరణంలో సీసా మూత తీసిన క్షణం నుంచే దాని చుట్టూ మండే ఆవిరి ఉంటుంది. పంపు స్టవ్‌లో టంకీ సరిగ్గా మంట కిందే ఉంటుంది, వంట సాగేకొద్దీ వేడెక్కుతుంది. కిరసనాయిలు అయితే ఒత్తిడి దాదాపు మీరు కొట్టిన గాలిదే. పెట్రోలు కలిస్తే టంకీ వేడెక్కేకొద్దీ ఆవిరి ఒత్తిడి దానంతట అదే పెరుగుతుంది. భయపడి గాలి మర తెరిస్తే అక్కడి నుంచి వచ్చేది వట్టి గాలి కాదు, పెట్రోలు ఆవిరి. పక్కనే మంట. కిరసనాయిలుకు ప్రాణం కాపాడే మర పెట్రోలుకు ప్రాణం తీసే మర అవుతుంది.

పెట్రోలుతో నడిచే స్టవ్‌లు వేరే ఉన్నాయి. కొండలెక్కేవాళ్లు వాడే బహుళ ఇంధన స్టవ్‌లలో ఇంధనం సీసా మంటకు దూరంగా ఉంటుంది, మధ్యలో గొట్టం, మూసే వాల్వు ఉంటాయి. వాటిలోనూ ఇంధనం మారితే జెట్ మార్చాలి. ప్రైమస్ ఓమ్నిఫ్యూయల్ రకంలో గ్యాస్‌కు 0.45, పెట్రోలుకు 0.37, కిరసనాయిలు, డీజిల్‌కు 0.28 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న జెట్‌లు ఇస్తారు. విదేశీ పుస్తకాల్లో రాసే ‘వైట్ గ్యాస్’ మన బజారులో దొరికేది కాదు. మన బంకుల్లో ఇప్పుడు అమ్మేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు రింగులను ఉబ్బేలా చేస్తుంది. అందుకే స్టవ్‌తో వచ్చిన పుస్తకం ఒప్పుకున్న ఇంధనమే వాడాలి. తిరిగొచ్చాక సీసాలో మిగిలినదాన్ని నెలల తరబడి ఉంచకూడదు.

స్టవ్ ఏం చెబుతోంది?

మంట క్రమంగా తగ్గి, పంపు కొట్టినా పుంజుకోకపోతే నిప్పిల్‌లో మసి చేరినట్టు. పిన్నుతో పై నుంచి నిటారుగా గుచ్చి తీయాలి. పక్కకు వంచితే తీగ లోపలే విరుగుతుంది, లేదా రంధ్రం పెద్దదై మంట పసుపుగా మారుతుంది. అలాంటి నిప్పిల్ మార్చాల్సిందే. రంధ్రం మూసుకుపోయిందని తెలియక పంపు మీద పంపు కొట్టడం ప్రమాదం.

పంపు కొడుతుంటే చేతికి బిగువు తగలకపోతే తోలు వాషర్ ఎండినట్టు. పంపు కడ్డీ బయటికి తీసి, వాషర్ అంచులు కాస్త విప్పి, రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె పట్టించాలి. లేకపోతే ఆముదం. చీలిపోతే కొత్తది వేయాలి.

పంపు కడ్డీ దానంతట అదే వెనక్కి లేస్తుంటే, లేదా పంపు గొట్టంలోకి కిరసనాయిలు వస్తుంటే అడుగున ఉండే వాల్వు పోయినట్టు. గాలిని లోపలికి వదిలి, నూనెను బయటికి రానివ్వకుండా ఆపేది అదే. అది బాగయ్యే దాకా ఆ స్టవ్ వెలిగించకూడదు.

మంట చిటపటలాడుతూ ఆగి ఆగి వస్తుంటే నూనెలో నీళ్లున్నాయి. డబ్బాను ఒక రాత్రి కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు దిగుతాయి. పైనున్న నూనె మాత్రమే వంచుకోవాలి.

మూత దగ్గర, బర్నర్ మర దగ్గర తడి కనిపిస్తే కారుతోంది. వెలిగించకుండానే కొద్దిగా పంపు కొట్టి, జోళ్ల మీద సబ్బు నురగ పూయాలి. బుడగలు వస్తే అక్కడ వాషర్ మార్చాలి. అగ్గిపుల్ల దగ్గరపెట్టి చూడటం చావు కొనితెచ్చుకోవడమే.

దూరం వెళ్లేవాళ్ల సంచిలో రెండు నిప్పిళ్లు, అరడజను పిన్నులు, పంపు వాషర్, మూత వాషర్, చిన్న పానా ఉండాలి. వీటి బరువు వంద గ్రాములు ఉండదు.

వాషర్ అంత చిన్నదేమీ కాదు

తోలు వాషర్ విలువ తెలియాలంటే దక్షిణ ధ్రువం కథ ఒకటి చాలు. 1912లో రాబర్ట్ స్కాట్ బృందం ధ్రువం నుంచి తిరిగి వస్తూ, దారిలో ముందుగా దాచి ఉంచిన కిరసనాయిలు డబ్బాలు తెరిచి చూస్తే నూనె తగ్గిపోయి ఉంది. ఆ డబ్బాల మూతలకు తోలు వాషర్లు వేశారు. చలికి, ఎండకు తోలు పాడై, సందుల్లోంచి నూనె ఆవిరైపోయింది. అక్కడ నూనె లేదంటే మంచు కరగదు. మంచు కరగకపోతే తాగడానికి నీళ్లుండవు. ఆ అయిదుగురూ బతకలేదు. వాళ్ల చావుకు కారణాలు ఎన్నో, కానీ ఇంధనం కొరత అందులో ఒకటి. వాళ్లకంటే ముందే ధ్రువం చేరిన అముండ్‌సెన్ తన డబ్బాలను లోహంతో అతికించి మూయించాడు. వాటిలో నూనె నిలిచింది.

మన ఎండల్లో కూడా ఇదే పాఠం. లోహపు డబ్బా, బిగుతైన మూత, నీడ. కూల్‌డ్రింక్ సీసాలో, మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకూడదు. నీళ్లనుకుని పిల్లలు తాగేస్తారు. అలా తాగితే వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్లు పట్టకూడదు. వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపులో ఉన్నదానికంటే ఎక్కువ హాని చేస్తుంది. తడిసిన బట్టలు తీసి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒంటికి మంట అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడుకుని దొర్లాలి, మందపాటి దుప్పటి కప్పాలి. ఒలికి మండుతున్న నూనె మీద నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది, ఇసుక లేదా మట్టి చల్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని ధార నీళ్లు పోయాలి. ఇంకు, పేస్టు, వెన్న ఏవీ రాయొద్దు. వండేటప్పుడు నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి.

రైలులో స్టవ్‌తో ప్రయాణం

మిరప కోతలకు బస్తర్ నుంచి తెలంగాణ, ఆంధ్ర జిల్లాలకు వచ్చే కూలీలు, దూర రాష్ట్రాలకు పనికి పోయే మన వలసలు సామాను మూటలో స్టవ్ కూడా కట్టుకుంటారు. ఖాళీ స్టవ్ వేరు, నూనె ఉన్న స్టవ్ వేరు. కిరసనాయిలు, పెట్రోలు, గ్యాస్ సిలిండర్ రైలులో తీసుకెళ్లడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో దొంగచాటుగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. టంకీ ఖాళీ చేసి, ఆరబెట్టి, మూత తీసి ఉంచి కట్టుకోవాలి. నూనె దిగిన చోట కొనుక్కోవాలి.

‘స్టవ్ పేలింది’ అనే మాట

ఈ వాక్యం చదవకుండా 1980ల తెలుగు పత్రిక జిల్లా పేజీ దాటేవాళ్లం కాదు. కొత్త కోడలు, వంటగది, స్టవ్ పేలుడు. చాలా కేసుల్లో అది కట్నం హత్యను కప్పిపుచ్చే మాట అని తేలబట్టే చట్టం మారింది. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు వచ్చాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతో భార్య చనిపోతే, చావుకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, దాన్ని కట్నం చావుగానే కోర్టు భావించాలి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో ఇదే నేరం 80వ సెక్షన్.

స్టవ్ పనితీరు తెలిసి ఉండటం ఇక్కడ కూడా పనికొస్తుంది. ప్రమాదం జరిగిన స్టవ్ ఆనవాళ్లు మిగులుస్తుంది. టంకీ అతుకు విచ్చిందా, మూత ఎగిరిపోయిందా, నిప్పిల్ మూసుకుపోయిందా, గాలి మర ఏ స్థితిలో ఉంది, టంకీలో ఉన్నది కిరసనాయిలా పెట్రోలా? ఇవన్నీ చూసి చెప్పగలిగేవి. టంకీ చెక్కుచెదరకుండా, మూత బిగించి ఉండగా ‘పేలింది’ అని ఎవరైనా అంటే, అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నట్టే. మంచి స్థితిలో ఉన్న ఇత్తడి స్టవ్, సరైన నూనెతో, ఊరికే పేలదు. వేడిగా ఉండగా నింపడం, పెట్రోలు కలవడం, మూసుకుపోయిన నిప్పిల్ మీద అతిగా పంపు కొట్టడం, కారే వాషర్‌ను వదిలేయడం, ప్రమాదాల వెనుక ఉండేవి ఎక్కువగా ఈ నాలుగే. నాలుగూ ఆపగలిగినవే.

జగర్గుండా లాంటి చోట ‘క్యాంపు’ అంటే సరదాగా వేసుకున్న గుడారం కాదు. అక్కడ కాలిన మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి పట్టే సమయం హైదరాబాద్‌లో పట్టే సమయం కాదు. కాబట్టి ఆ దారుల్లోకి పనిమీద మనుషుల్ని పంపే శాఖలు, కాంట్రాక్టర్లు చేతికి స్టవ్ ఇచ్చి ఊరుకుంటే చాలదు. సరైన నూనె, విడిభాగాల సంచి, ఒక పూట శిక్షణ కూడా ఇవ్వాలి. లోపలి పల్లెలకు గ్యాస్ నమ్మకంగా చేరే రోజు వచ్చే దాకా ఇది దయాధర్మం కాదు, వాళ్ల భద్రతలో భాగం.